పీఏ ఉద్యోగానికి ఏ రాష్ట్రం మంచిది? మూడు రాష్ట్రాల్లో పనిచేసిన అనుభవంతో నా జవాబు

నీ ప్రశ్న క్లుప్తంగా ఇది. డిసెంబరులో అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ, అంటే డాక్టర్‌తో కలిసి పనిచేస్తూ రోగులను పరీక్షించి మందులు రాసే వృత్తి) చదువు పూర్తవుతుంది. చేతిలో మూడు ఆఫర్లు ఉన్నాయి: టెక్సస్‌లో డాలస్ శివార్లలో ఒక అర్జెంట్ కేర్ (అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లే క్లినిక్), అరిజోనాలో ఫీనిక్స్‌లో ఫ్యామిలీ క్లినిక్, మిషిగన్‌లో డెట్రాయిట్ దగ్గర ఒక ఆసుపత్రిలో చేరిన రోగులను చూసే ఇన్‌పేషెంట్ టీమ్. జీతం డాలస్‌లో అన్నిటికంటే ఎక్కువ, డెట్రాయిట్‌లో అన్నిటికంటే తక్కువ. మీ ఆయనది ఇంటి నుంచి చేసే పని కాబట్టి ఎక్కడికైనా వెళ్లగలరు. "పీఏలకు ఏ రాష్ట్రం మంచిది అక్కా?" అని అడిగావు. అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

నేను 2009లో టెక్సస్‌లో మొదలుపెట్టాను. 2015లో మిషిగన్ వెళ్లాను, 2020 నుంచి అరిజోనాలో ఉన్నాను. నీ మూడు ఆఫర్లూ సరిగ్గా ఆ మూడు రాష్ట్రాల్లోనే ఉన్నాయి, అందుకే ఇంత పెద్దగా రాస్తున్నాను.

ముందు నా సలహా చెప్పేస్తాను. మొదటి ఉద్యోగానికి డెట్రాయిట్ ఆసుపత్రికి వెళ్లు. అక్కడ ఆరు నెలలు ఓరియెంటేషన్ ఇస్తామన్నారని రాశావు. డాలస్ అర్జెంట్ కేర్‌లో రెండు వారాల తర్వాత షిఫ్టులో నువ్వొక్కదానివే ఉంటావు, డాక్టర్ ఫోన్‌లో దొరుకుతారు. కొత్తగా వచ్చిన పీఏకి ఈ ఒక్క తేడా ముందు మిగతావన్నీ చిన్నవే. రాష్ట్ర చట్టం ప్రభావం నీకు నాలుగైదేళ్ల తర్వాత బాగా తెలుస్తుంది. కాకపోతే ఆ చట్టం ఏమిటో ఇప్పుడే తెలుసుకుని వెళ్లాలి, ఎందుకంటే నేను తెలుసుకోకుండా వెళ్లి ఇబ్బంది పడ్డాను.

పీఏ చదువు అయ్యాక రాసే పాన్స్ అర్హత పరీక్ష దేశమంతటికీ ఒకటే. ఒకసారి పాసైతే ఏ రాష్ట్రంలోనైనా అది చెల్లుతుంది. కానీ లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం. ఏ మందు రాయొచ్చు, డాక్టర్‌తో నీ సంబంధం కాగితం మీద ఎలా ఉండాలి, ఒక డాక్టర్ ఎంతమంది పీఏలను చూసుకోవచ్చు, ఇవన్నీ ఆ రాష్ట్ర శాసనసభ నిర్ణయించేవే. ఈ వృత్తి పుట్టుకలోనే దానికి కారణం ఉంది. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ నేవీలో వైద్య సహాయకులుగా చేసి వచ్చిన నలుగురితో మొదటి బ్యాచ్ పెట్టారు. డాక్టర్ల కొరత ఉంది, అనుభవం ఉన్న ఈ మనుషులకు శిక్షణ ఇస్తే డాక్టర్‌కి చేదోడుగా ఉంటారని ఆయన ఆలోచన. అందుకే తర్వాత వచ్చిన చట్టాలన్నీ పీఏని ఒక డాక్టర్‌కి ముడిపెట్టి రాశారు. ఆ ముడి కొన్ని రాష్ట్రాల్లో ఇంకా బిగుతుగా ఉంది, కొన్నిట్లో సడలింది, కొన్నిట్లో దాదాపు విప్పేశారు. రాష్ట్రానికీ రాష్ట్రానికీ ఉన్న తేడా ప్రధానంగా అదే.

టెక్సస్‌లో ఆ ముడి బిగుతుగా ఉన్నందువల్ల నాకు జరిగింది చెప్తాను. 2014 అక్టోబరు 6న కేంద్ర ప్రభుత్వం హైడ్రోకోడోన్ కలిసిన నొప్పి మాత్రలను షెడ్యూల్ 3 నుంచి షెడ్యూల్ 2కి మార్చింది (వ్యసనమయ్యే ప్రమాదాన్ని బట్టి మందులకు వేసే వరసలు ఇవి, 2 మీద నియంత్రణ ఎక్కువ). టెక్సస్ చట్టం ప్రకారం పీఏ షెడ్యూల్ 2 మందులు రాయాలంటే ఆసుపత్రిలో చేరిన రోగికో, ఎమర్జెన్సీలో ఉన్న రోగికో, హాస్పిస్‌లో (చివరి దశ సంరక్షణలో) ఉన్న రోగికో మాత్రమే రాయగలదు. మామూలు క్లినిక్‌లో కుదరదు. అంటే శుక్రవారం దాకా నేను రాస్తున్న మందు సోమవారం నుంచి రాయకూడదు. నా చదువు మారలేదు, రోగులు మారలేదు.

ఆ వారంలోనే శనివారం సాయంత్రం ఇంటి కప్పులు వేసే కూలీ ఒకతను నిచ్చెన మీద నుంచి పడి వచ్చాడు. మణికట్టు విరిగింది. ఎక్స్‌రే తీశాం, స్ప్లింట్ వేశాను. వేళ్లు వాచి నల్లబడుతున్నాయేమోనని మూడుసార్లు నొక్కి చూశాను, రక్తప్రసరణ బాగానే ఉంది. ఇక కావలసింది రెండు రోజులకు సరిపడా నొప్పి మందు. మా డాక్టరుగారికి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఎమర్జెన్సీకి వెళ్లమన్నాను. ఇన్సూరెన్స్ లేదు, వెళ్లనన్నాడు. కోడీన్ మాత్ర రాసిచ్చి పంపాను, అప్పట్లో నా చేతిలో ఉన్నది అదే. సోమవారం పొద్దున్నే తిరిగి వచ్చాడు. రెండు రాత్రులు కుర్చీలోనే కూర్చున్నాడని అతని భార్య చెప్పింది. డాక్టరుగారు ప్రత్యేక ఫారం మీద సంతకం పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఓపియాయిడ్‌ల (హైడ్రోకోడోన్ లాంటి నల్లమందు జాతి నొప్పి మందుల) విషయంలో జాగ్రత్త అవసరమే, ఆ మందులు ఎన్ని ఇళ్లను నాశనం చేశాయో నేను దగ్గరగా చూశాను. కానీ ఆ నియమం నొప్పి మందులతో ఆగదు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని, కుదురుగా ఉండలేని సమస్య) ఉన్న పిల్లలకిచ్చే మందుల్లో చాలావరకు షెడ్యూల్ 2వే. టెక్సస్ క్లినిక్‌లో పిల్లాణ్ణి పరీక్ష చేసేది నేను, టీచర్ రాసిన కాగితాలు చదివేది నేను, తల్లితో అరగంట మాట్లాడేది నేను. ప్రిస్క్రిప్షన్ దగ్గరికి వచ్చేసరికి డాక్టర్ కోసం ఆగాలి. అరిజోనాలో అదే పిల్లాడికి అదే మందు నేనే రాస్తున్నాను. ఫ్యామిలీ మెడిసిన్‌లో ఉండాలనుకుంటే ఈ తేడా రోజూ తగులుతుంది. ఆసుపత్రిలో పని చేస్తే టెక్సస్‌లో కూడా అంతగా తగలదు. కెంటకీలో అయితే 2020 దాకా పీఏలు కంట్రోల్డ్ మందులు, అంటే ఈ షెడ్యూళ్లలో ఉన్నవి, ఏవీ రాయలేకపోయేవారు, ఆ అనుమతి ఇచ్చిన చివరి రాష్ట్రం అదే.

రెండో సంఘటన ఇంకా పెద్దది. టెక్సస్‌లో పీఏ మందులు రాయాలంటే ఒక డాక్టర్‌తో ప్రిస్క్రిప్షన్ అధికారం గురించి రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఆ ఒప్పందం లేని రోజు నువ్వు మందు రాయలేవు. ఒక గురువారం రాత్రి మా డాక్టరుగారికి స్ట్రోక్ వచ్చింది. శుక్రవారం నా షెడ్యూల్‌లో ఇరవై ఇద్దరు రోగులున్నారు. పొద్దున ఏడింటికి ఆఫీస్ మేనేజర్ ఫోన్ చేసి రావద్దంది. ఒప్పందంలో ప్రత్యామ్నాయ డాక్టర్ పేరు రాసుకునే వీలుంది. మా క్లినిక్ వాళ్లు రాసుకోలేదు, నేనూ చూసుకోలేదు. కొత్త డాక్టర్‌తో ఒప్పందం కుదిరేదాకా పదిహేడు రోజులు ఇంట్లో కూర్చున్నాను, జీతం లేదు. నా ఇన్సులిన్ రోగులు ఎవరి దగ్గరికి వెళ్తున్నారో తెలియక పడిన టెన్షన్ ముందు జీతం చిన్న విషయం. డాలస్ ఆఫర్ తీసుకుంటే ఆ ఒప్పందం కాపీ ముందే అడుగు, అందులో రెండో డాక్టర్ పేరు ఉందో లేదో నీ కళ్లతో చూడు. అలాగే ఆ డాక్టర్ ఇప్పటికే ఎంతమందిని చూసుకుంటున్నారో కూడా అడుగు. టెక్సస్‌లో మామూలుగా ఒక డాక్టర్ మొత్తం ఏడుగురు పీఏలు, నర్స్ ప్రాక్టీషనర్ల (పీఏల్లాగే రోగులను చూసే, పైచదువు చదివిన నర్సుల) దాకా ఇలా అధికారం ఇవ్వొచ్చు. ఏడుగురూ ఒకే శనివారం ఫోన్ చేస్తే ఎవరికి దొరుకుతారు?

మిషిగన్ వెళ్లాక రెండేళ్లు తిరగకుండానే చట్టం మారడం చూశాను. 2016లో ఆమోదించిన చట్టం 2017 మార్చిలో అమల్లోకి వచ్చింది. 'సూపర్‌విజన్' అనే మాట తీసేసి, పీఏ ఒక డాక్టర్‌తో ప్రాక్టీస్ ఒప్పందం చేసుకుని కలిసి పనిచేయాలని రాశారు. మాట మారితే ఏమవుతుందిలే అనుకున్నాను. కానీ మా వార్డులో తేడా కనిపించింది. పీఏ చేసిన ప్రతి పనికీ డాక్టరే జవాబుదారీ అనే భయం తగ్గాక, మాతో పనిచేయడానికి ఇదివరకు వెనకాడిన ఇద్దరు పెద్ద డాక్టర్లు ముందుకొచ్చారు. కాలిఫోర్నియా కూడా 2020 జనవరి నుంచి ఇలాంటి ప్రాక్టీస్ ఒప్పందం పద్ధతికే మారింది.

ఒప్పందమే అక్కర్లేదనే దాకా వెళ్లిన రాష్ట్రాలూ ఉన్నాయి. 2019లో నార్త్ డకోటా మొదలుపెట్టింది. డాక్టర్లు దొరకని పల్లెలెక్కువ ఉన్న రాష్ట్రాలే ఇందులో ముందున్నాయి: వయోమింగ్, యూటా 2021లో, అయోవా, మోంటానా 2023లో. చాలాచోట్ల అనుభవం గంటల్లో లెక్కేస్తారు. యూటాలో పది వేల గంటలు నిండాక, మోంటానాలో ఎనిమిది వేల గంటలు నిండాక ఆ ఒప్పందం అవసరం ఉండదు. మా అరిజోనా కూడా 2023లో చేసిన చట్టంతో ఎనిమిది వేల గంటల నియమం పెట్టింది. పూర్తి సమయం పనిచేసే మనిషికి ఎనిమిది వేల గంటలంటే సుమారు నాలుగేళ్లు. ఆ తర్వాత కూడా రోగి పరిస్థితిని బట్టి డాక్టర్‌ని సంప్రదించాలి, పంపాల్సిన చోటికి పంపాలి. అది మారలేదు, మారకూడదు కూడా.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, కొత్తవాళ్లకి ఇది ఎవరూ చెప్పరు. చట్టం అనుమతిచ్చినంత మాత్రాన నీ ఆసుపత్రి అనుమతివ్వదు. అరిజోనాలో నియమం మారిన రోజు నాకు ఎనిమిది వేల గంటలు ఎప్పుడో నిండాయి. అయినా నేను చేసే ఆసుపత్రిలో నెలల తరబడి ఏమీ మారలేదు. ఆసుపత్రి సొంత నిబంధనల పుస్తకంలో పీఏకి సూపర్‌వైజింగ్ డాక్టర్ ఉండాలనే పాత వాక్యం అలాగే ఉంది. మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ (చికిత్సలో పొరపాటని రోగి కేసు వేస్తే ఆదుకునే బీమా) ఫారంలో ఆ డాక్టర్ పేరు రాయాల్సిన గడి అలాగే ఉంది. మరోవైపు టెక్సస్‌లో ఎమర్జెన్సీలో చేసే నా స్నేహితురాలు జారిన కీళ్లు సరిచేయడం, లంబార్ పంక్చర్ (వెన్ను నుంచి నీరు తీయడం) అన్నీ తనే చేస్తుంది, ఎందుకంటే అక్కడి డాక్టర్లు నేర్పించారు, నమ్మారు. రాష్ట్రం పెట్టేది పైకప్పు. ఆ కప్పు కింద నీకు ఎంత చోటు ఇస్తారో నిర్ణయించేది ఆసుపత్రి, నీతో ఉన్న డాక్టర్లు.

పేరు గురించి కూడా అడిగావు. 2021లో మా జాతీయ సంఘం 'ఫిజీషియన్ అసోసియేట్' అని పేరు మార్చాలని నిర్ణయించింది. చట్టంలో ఆ పేరు మొదట తెచ్చింది ఒరెగాన్, 2024లో. నీ మూడు రాష్ట్రాల్లోనూ నువ్వు ఉద్యోగంలో అసిస్టెంట్‌గానే చేరతావు. నాకు ఈ మార్పు మీద ఆసక్తి ఎందుకంటే, మా నాన్నగారు చాలా ఏళ్లు నేను డాక్టర్ పక్కన నిలబడి సామాను అందిస్తాననే అనుకున్నారు. నేను ఇంట్లో ఉండి రోగులతో ఫోన్లో మాట్లాడటం విన్నాకే నమ్మారు. ఇక్కడి రోగుల్లోనూ చాలామందిది అదే అభిప్రాయం.

జీతాల సంగతి. కేంద్ర కార్మిక గణాంక సంస్థ లెక్క ప్రకారం 2024 మేలో పీఏల మధ్యస్థ వార్షిక వేతనం 1,33,260 డాలర్లు. వాషింగ్టన్, కాలిఫోర్నియా, కనెక్టికట్ లాంటి రాష్ట్రాలు పై వరసలో ఉంటాయి, దక్షిణాది రాష్ట్రాలు కొన్ని కింద. ఆ పట్టిక చూసి మురిసిపోకు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కానీ ఇల్లు కొంటే ఆస్తి పన్ను గట్టిగా తగులుతుంది. అరిజోనాలో ఆదాయపు పన్ను 2.5 శాతం, మిషిగన్‌లో 4.25 శాతం. డెట్రాయిట్ శివార్లలో అద్దె, ఫీనిక్స్‌లో అద్దె పక్కపక్కన పెట్టి చూడు, డెట్రాయిట్ ఆఫర్ నువ్వనుకున్నంత తక్కువగా ఉండదు.

జీతం కంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది: నీ పని ఎవరి పేరు మీద బిల్లవుతుంది? మెడికేర్, అంటే ప్రధానంగా వయసు మళ్లినవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, పీఏ పేరు మీద వెళ్లిన బిల్లుకి డాక్టర్ రేటులో 85 శాతం ఇస్తుంది. డాక్టర్ ఆఫీసులోనే ఉండి, ముందు తను చూసిన రోగిని నువ్వు కొనసాగింపుగా చూస్తే డాక్టర్ పేరు మీద నూరు శాతం రాబట్టుకునే పద్ధతి ఒకటి ఉంది, 'ఇన్సిడెంట్ టు' అంటారు. క్లినిక్‌కి అది లాభం. కానీ నీ ఒప్పందంలో బోనస్ నువ్వు చేసిన పని మీద, అంటే ఆర్‌వీయూల (ఎంత పని చేశావో కొలిచే పాయింట్ల) మీద ఉంటే, డాక్టర్ పేరు మీద వెళ్లిన ప్రతి విజిట్ నీ లెక్కలోంచి మాయమవుతుంది. మిషిగన్ నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో రోజుకి పద్దెనిమిది మందిని చూశాను. మొదటి మూడు నెలల రిపోర్టులో నేను చూసినవాళ్లలో సగం మంది కూడా లేరు. మేనేజర్ కాగితం నా ముందు పెట్టి "నీ ప్రొడక్టివిటీ తక్కువగా ఉంది" అన్నప్పుడు నాకు గొంతు పెగల్లేదు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం ఎంతమందిని చూశానో రాసి పెట్టుకున్నాను, ఆ పుస్తకం చూపించి లెక్క సరిచేయించుకున్నాను. ఫీనిక్స్ ఫ్యామిలీ క్లినిక్ వాళ్లని ఈ ప్రశ్న తప్పకుండా అడుగు: బోనస్ లెక్కలో నేను చూసిన రోగులందరూ వస్తారా, నా పేరు మీద బిల్లయిన వాళ్లు మాత్రమే వస్తారా? 2022 నుంచి మెడికేర్ పీఏకే నేరుగా డబ్బు చెల్లించే వీలు కూడా వచ్చింది. ఉద్యోగంలో ఉన్నవాళ్లకి దాంతో వెంటనే పెద్ద తేడా ఉండదు, తర్వాత సొంతంగా ఏదైనా పెట్టాలంటే పనికొస్తుంది.

ఒప్పందంలో నాన్ కంపీట్ క్లాజు ఉంటే రాష్ట్రం చాలా ముఖ్యం. ఉద్యోగం మానేశాక చుట్టుపక్కల ఇన్ని మైళ్లలో ఇంత కాలం పని చేయకూడదనే షరతు అది. కాలిఫోర్నియా, నార్త్ డకోటా, ఓక్లహోమా, మిన్నెసోటాల్లో ఉద్యోగులకు పెట్టే అలాంటి షరతు చెల్లదు. మిషిగన్‌లో సమంజసమైన పరిధిలో ఉంటే చెల్లుతుంది. టెక్సస్‌లో 2025 సెప్టెంబరు నుంచి కొత్త ఒప్పందాలకు పరిమితి వచ్చింది, పీఏలకూ వర్తిస్తుంది: ఏడాదికి మించకూడదు, అయిదు మైళ్లకు మించకూడదు, డబ్బు కట్టి బయటపడే వీలుండాలి, ఆ డబ్బు నీ ఏడాది జీతానికి మించకూడదు. అయిదు మైళ్లంటే డాలస్‌లో పెద్ద దూరం కాదు, నువ్వు బతకొచ్చు.

మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ 'క్లెయిమ్స్ మేడ్' రకమైతే, ఉద్యోగం వదిలాక పాత రోగి వేసే కేసుకి రక్షణ ఉండదు. దానికి విడిగా టెయిల్ కవరేజ్ కొనాలి, అది ఎవరు కడతారో రాతలో ఉండాలి. నోటిమాట నమ్మకు.

వీసా గురించి రెండు ముక్కలు. ఇప్పుడు నీకు హెచ్4 (భర్త వీసాకి అనుబంధంగా వచ్చే వీసా) మీద పని అనుమతి ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. రేపు నీ పేరు మీద ఉద్యోగ వీసా హెచ్1బీకి మారాల్సి వస్తే, పీఏలు ఆరోగ్య కార్మికుల ధ్రువపత్రం చూపించాల్సిన వృత్తుల జాబితాలో ఉన్నారు, అమెరికాలో చదివినా సరే. వీసాస్క్రీన్ అంటారు, దానికి సమయం పడుతుంది. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని ఆసుపత్రి అయితే హెచ్1బీ లాటరీతో పని ఉండకపోవచ్చు. డెట్రాయిట్ ఆసుపత్రి అలాంటిదో కాదో కనుక్కో. నీ ప్రశ్న కింద ఒకరు "ఇండియాలో ఎంబీబీఎస్ చేశాను, ఏ రాష్ట్రంలో నేరుగా పీఏ కావచ్చు?" అని అడిగారు. ఏ రాష్ట్రంలోనూ కుదరదు. ఇక్కడ గుర్తింపు ఉన్న పీఏ కోర్సు చదివితేనే పాన్స్ రాయనిస్తారు. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఫిజీషియన్ అసిస్టెంట్ బీఎస్సీ చేసినవాళ్లకీ అదే నియమం. ఆ చదువు వృథా అని కాదు, ఇక్కడి కోర్సుకి అప్లై చేసేటప్పుడు రోగులతో గడిపిన ఆ గంటలు బలమే.

లైసెన్స్ విషయంలో తొందరపడి ఇల్లు ఖాళీ చేయకు. లైసెన్స్ వచ్చాక ఆసుపత్రి క్రెడెన్షియలింగ్ (నీ చదువు, లైసెన్స్ కాగితాలు వాళ్లు సరిచూసుకోవడం) ఉంటుంది, మూడు నెలలు పట్టినా ఆశ్చర్యపోకు. టెక్సస్‌లో అయితే వాళ్ల చట్టం మీద విడిగా ఒక పరీక్ష కూడా ఉంది. కంట్రోల్డ్ మందులు రాయడానికి కేంద్ర మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ దగ్గర నమోదుకి మూడేళ్లకి 888 డాలర్లు, ఎవరు కడతారో అడుగు. ఒక రాష్ట్రం లైసెన్స్‌తో ఇంకో రాష్ట్రంలో పని చేసుకునేలా పీఏ కాంపాక్ట్ అనే ఒప్పందం వచ్చింది, 2024లో వర్జీనియా ఏడో రాష్ట్రంగా చేరడంతో అది అమల్లోకి వచ్చింది. కానీ దాన్ని నమ్ముకుని ఇప్పుడే ప్లాన్ వేసుకోకు, నువ్వు చేరే రాష్ట్రం లైసెన్స్ నువ్వు తీసుకోవాల్సిందే.

ఇప్పుడు మళ్లీ నీ మూడు ఆఫర్ల దగ్గరికి వస్తాను. ఫీనిక్స్ చెడ్డ ఆఫర్ కాదు, బిల్లింగ్ ప్రశ్నకి మంచి జవాబు వస్తే నాకు రెండో ఎంపిక అదే. డాలస్‌కి ఇప్పుడు వద్దు, మూడేళ్ల తర్వాత నువ్వే అడిగి మరీ వెళ్లొచ్చు, అప్పుడు ఆ జీతం ఇంకా పెరిగి ఉంటుంది. డెట్రాయిట్ వాళ్లకి ఈ వారంలో ఫోన్ చేసి ఒక రాత్రి షిఫ్టు పక్కన ఉండి చూస్తానని అడుగు. పగలు అన్ని ఆసుపత్రులూ బాగానే కనిపిస్తాయి. రాత్రి రెండింటికి రోగి బీపీ పడిపోయినప్పుడు అక్కడి పీఏ ఎవరికి ఫోన్ చేస్తుంది, ఆ మనిషి ఎన్ని నిమిషాల్లో మంచం దగ్గరికి వస్తారు, వచ్చాక విసుక్కుంటారా నేర్పిస్తారా, ఇది చూడు. చూసొచ్చి ఆ ఓరియెంటేషన్ ఆరు నెలలు అన్న మాట ఆఫర్ లెటర్‌లో రాశారో లేదో నాకు చెప్పు. రాయకపోతే ఆ వాక్యం ఎలా అడగాలో మళ్లీ రాస్తాను.